హీటర్ ప్లగ్గుల మీది బొట్లు

మహదేవపుర, బెంగళూరు.

పద్మక్కకు తమ్ముడు రమణ నమస్కారాలు.

నువ్వూ, బావా, పిల్లలూ క్షేమమే కదా. ఈ చలికి బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇక్కడ నేనూ లలితా బాగానే ఉన్నాం. బాగానే ఉన్నామని ముందే రాస్తున్నాను, కింద రాసేది చదివి హైరానా పడకు. ఫోనులో చెబుదామంటే లలిత పక్కనే ఉంటోంది.

నేను నడిపే పాత డీజిల్ వ్యాను సంగతి నీకు తెలుసు. తెల్లవారగానే మారతహళ్ళిలో గార్మెంట్స్ ఆడవాళ్ళను ఎక్కించుకొని, ఫ్యాక్టరీ గేటు మూసేలోగా దింపాలి. గేటు పడితే వాళ్ళకు ఆ పూట కూలి పోయినట్టే. చలి మొదలైనప్పటినుంచి బండికి వణుకు పట్టుకుంది. స్టార్టు చేస్తే తెల్లటి పొగ, గడగడమని అదురుడు. వేడెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఒక ఉదయం వంతెన మీద ఆగిపోయింది. వెనక లారీల హారన్లు, లోపల ఆడవాళ్ళ అరుపులు. అక్కా, నాకు చచ్చేంత భయమేసింది.

ఓనరు నాగరాజప్ప చూసి, "ఇంజన్ పోయిండాదంటే ఇంగ దీనిమీద ఖర్చు పెట్టేది లేదప్పా. గుజరీకి తోలేస్తా" అన్నాడు. గుజరీ అంటే ఇక్కడ పాత ఇనుము కొట్టు. బండి పోతే నా పని పోతుంది, ఆయన షెడ్డు పైనున్న మా గదీ పోతుంది. ఈ ఐదో నెలలో లలితను తీసుకొని ఎక్కడికి పోవాలి? ఆమెకు ఈ మాట చెప్పనే లేదు.

డీజిల్ ఫిల్టర్ మార్చాను. పైపులో గాలి చేరిందేమోనని పంపు కొట్టి తీశాను. ఊహూఁ. చివరికి మెకానిక్ మస్తానన్న దగ్గరికి పోయాను.

"చలిలోనే వణుకుతాందంటే ముందు హీటర్ ప్లగ్గులు చూడాల. అవి బాగుండి కూడా వణికితే ఇంజన్ పనైపోయినట్టే" అన్నాడు. చల్లటి ఇంజన్‌లో డీజిల్ అంటుకోవడానికి ముందుగా ఎర్రగా కాలే కడ్డీలవి. ఆయన డ్రైవరు సీటు కింది ఇంజన్ మూత ఎత్తుతుంటే నేను కళ్ళు మూసుకొని మన గంగమ్మకు మొక్కుకున్నాను.

"ఏమప్పా, ఇంజన్‌కి పెండ్లి చేసినావా?" అని ఆయన నవ్వాడు.

అక్కా, కోప్పడకు. ఆయుధపూజకు నువ్వు పసుపూ కుంకుమా పంపి, "కనబడే చోట కాదురా, కష్టపడే చోట పెట్టు" అన్నావు కదా. ఇంజన్ కడిగి, ఆ ప్లగ్గుల తలల మీద, వాటిని కలిపే రేకు మీద మందంగా పూశాను. ఆ తడికి నట్ల కింద చిలుము పట్టింది. టెస్టు బల్బు పెడితే మొదటి ప్లగ్గు దగ్గరే వెలిగింది. మిగతావాటికి కరెంటే పోవడం లేదు.

"తుడిచి, గీకి, బిగించు" అని గుడ్డ నా చేతికిచ్చాడు. నాకు చెయ్యి రాలేదు. మన ఇళ్ళలో బొట్టు ఎప్పుడు తుడుస్తారో నీకు తెలియనిది కాదు. "నువ్వే తుడువన్నా" అన్నాను.

"నీ బండి, నీ దేవత. నువ్వే తుడువు."

తుడిచాను. మరుసటి ఉదయం బండి ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ లేదు, వణుకు లేదు. నాగరాజప్ప గుజరీ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ సాయంత్రమే లలిత కడుపు పట్టుకొని కూర్చుంది. ఆసుపత్రిలో బిడ్డ బాగుందన్నారు, నొప్పీ తగ్గింది. నా భయమే తగ్గలేదు. రాత్రిళ్ళు ఆ గుడ్డే గుర్తొస్తోంది. గంగమ్మకు ఒక కాయ కొట్టి, మా తమ్ముడు గతిలేక తుడిచాడని చెప్పు.

బావకూ, పక్కింటి పెద్దమ్మకూ నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఈసారి పసుపూ కుంకుమా ఎవరిచేతా పంపవద్దు, నువ్వే తీసుకొని రా. ముందు లలిత నుదుట పెట్టు. బండికి ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచిద్దాం.

నీ దీవెన కోసం చూసే తమ్ముడు,
రమణ