తాజా సద్దన్నం

కండ్లకోయ

శానిటరీ ఇన్‌స్పెక్టర్ నగేష్ సారుకు, కాలేజీ బస్సులు ఆగే చోట సద్దన్నం బండి పెట్టే దుర్గాబాయి నమస్కారం.

పొద్దున బండి పెట్టి, గుడిలో దీపం పెట్టుకొని వచ్చేసరికి మీ మనుషులు నా కుండను జీపులో ఎక్కిస్తున్నారు. "ఏందయ్యా?" అంటే, "నిన్నటన్నం అమ్ముతున్నవ్ అక్కా" అన్నారు.

అవును. సద్దన్నమంటే అదే. రాత్రి అన్నంలో పాలు పోసి తోడేస్తే తెల్లారేసరికి పులుస్తుంది. మా అమ్మ పోయాక తమ్ముళ్లను ఆ కుండతోనే సాకాను. అది లేకుంటే బండి లేదు. పంపించండి.

మీ కోసం కూడా మొక్కుకునే,
దుర్గాబాయి

తాజా కలం: మా తమ్ముడు మల్లేశం కొట్లాటకు వస్తనన్నడు. ఉత్తరమిచ్చి పంపుతున్న. చాయ్ పొయ్యండ్రి, సల్లబడ్తడు.

*

శ్రీమతి దుర్గాబాయి గారికి,

నిల్వ ఆహారం అమ్మరాదు. ఇకపై ఏ రోజు సద్దన్నం ఆ రోజే వండి, వేడివేడిగా, తాజాగా అమ్ముతానని రాసిస్తే కుండ సంగతి ఆలోచిస్తాం. అప్పటిదాకా బండి పెట్టకూడదు.

విధి నిర్వహణలో,
నగేష్

తా.క.: మీ తమ్ముడు రెండు చాయ్‌లు తాగాడు. చల్లబడలేదు.

*

నగేష్ సారుకు నమస్కారం.

రాసివ్వను.

వేడి సద్దన్నం ఎల్లమ్మ తల్లికి కూడా వండటం రాదు. మీరు ఇయ్యాల పుట్టిన ముసలమ్మను చూపించండి, నేను ఇయ్యాల వండిన సద్దన్నం చూపిస్తాను. అనుమానముంటే పరీక్ష చేసుకోండి.

రేపు బండి పెడుతున్నాను. కుండ లేదు కాబట్టి పక్కన కూర్చొని జపం చేసుకుంటాను. ఆకలితో వచ్చిన పిల్లలకు కుండ ఎక్కడుందో చెప్తాను.

కోపం లేని,
దుర్గాబాయి

తాజా కలం: ఉత్తరం నిన్న రాసిన. ఇయ్యాల్టిది ఈ ముక్క ఒక్కటే. ఇది తాజాదే సారూ, నోటీసు ఇయ్యకుండ్రి.

*

శ్రీమతి దుర్గాబాయి గారికి,

మీరు పిల్లలకు చెప్పడంతో మా ఆఫీసుకు కాలేజీ బస్సే వచ్చింది. దయచేసి ఇక ఎవరికీ చెప్పకండి.

అనుభవజ్ఞులైన మా సిబ్బంది పరీక్షించగా దోషమేమీ కనబడలేదు. బండి పెట్టుకోవచ్చు. పదార్థమంతా పరీక్షలోనే ఖర్చయినందున కుండ ఖాళీగా పంపుతున్నాం.

గౌరవంతో,
నగేష్

తా.క.: పులుపు సరిపోయింది. ఉప్పే కొంచెం తక్కువ.

*

నగేష్‌కు దీవెనలు.

కుండ అందింది. కడిగి పంపారు, సంతోషం. పరీక్ష ఎక్కడ చేశారని, కుండ తెచ్చిన మీ జీపు డ్రైవర్ బాలరాజును అడిగాను. తల గోక్కున్నాడు.

"జీపులనే అక్కా. ఆఫీసు గేటు దాటకముందే కుండ అడుగు కనబడ్డది."

అంటే, "నిల్వ ఆహారం అమ్మరాదు" అని నాకు రాసేటప్పటికే మీ కడుపు సల్లగున్నదన్నమాట. ఎల్లమ్మ తల్లి అందరినీ సల్లగా చూడాలి.

బండి దగ్గరనే ఉండే,
దుర్గాబాయి

తాజా కలం: ఉప్పు తక్కువ కాలే బిడ్డా. ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ కొరుక్కుంట తినాలె. అవి బండి మీదనే మరిచిపోయిండ్రు. ఈసారి జీపు తేకుండ్రి, గిన్నె తెచ్చుకోండ్రి.