పదో తారీకు సంతకం

జూన్ 4, ఉదయం

వెల్లకిలా పడుకుని రాస్తున్నాను. పెన్ను తలకిందులైతే ఇంకు దిగదని ఇన్నేళ్లకు తెలిసింది. పెన్సిల్ తెప్పించుకున్నాను.

మొన్న రెండో తారీకున లిఫ్టు గోతిలో జారిపడ్డాను. నిచ్చెన మెట్టు మీద ఆయిల్ ఉంది, చూసుకోలేదు. నడుము దగ్గర డిస్క్ పక్కకు జరిగిందట. ఆరు వారాలు రెస్ట్, కుదిరినంతవరకు మంచం దిగొద్దని డాక్టర్. పన్నెండేళ్లుగా ఊళ్లో జనాన్ని పైకీ కిందికీ తిప్పుతున్న లిఫ్టు మెకానిక్‌ని, ఇప్పుడు బాత్రూమ్‌కి వెళ్లాలన్నా మా ఆవిడ భుజం కావాలి. ఆవిడ మాత్రం, పెళ్లయ్యాక మీరు ఇంత సేపు ఇంటిపట్టున ఉండటం ఇదే మొదటిసారి అని నవ్వుతోంది.

లెవెల్ అన్న లేకపోతే ఆ గోతిలోనే ఉండేవాణ్ణి. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్లు సరిగ్గా వంగవు, అయినా నన్ను వీపున వేసుకుని నిచ్చెన ఎక్కాడు. ఏ లిఫ్టులో అడుగుపెట్టినా జేబులోంచి లెవెల్ గొట్టం తీసి నేల మీద పెట్టి, సమంగా ఉందో లేదో చూస్తాడు, అందుకే ఆ పేరు. నాకు పని నేర్పింది ఆయనే.

జూన్ 6

ఆఫీసు నుంచి హెచ్.ఆర్. మేడమ్ ఫోన్. మెడికల్ సర్టిఫికెట్ ఎప్పుడు పంపుతారని అడిగింది. నా బదులు అన్నతో ఎవరు వెళ్తున్నారని నేనడిగాను. చూస్తున్నామంది. అంటే ఎవరూ లేరన్నమాట.

రూలు ప్రకారం లిఫ్టుకి ఇద్దరం ఉండాలి. పైన మెషిన్ రూమ్ అన్న వంతు. కింద గొయ్యి, లిఫ్టు నెత్తి, ప్రతి అంతస్తులో తలుపు కొక్కెం నావి. నెలకోసారి అంతా చూసి, లిఫ్టులో తగిలించే కార్డు మీద ఇద్దరం సంతకం పెట్టాలి. మేం అలా చేయం. నెల మొదట్లో టీ కొట్టు దగ్గర కూర్చుని నలభై రెండు లిఫ్టుల కార్డుల మీదా ఒకేసారి గీకేస్తాం. తారీకు మాత్రం వెళ్లిన రోజున అన్న వేస్తాడు. పని చేసిన చేతులతో ముట్టుకుంటే కార్డుకి గ్రీజు అంటుతోందని ఆఫీసులో తిట్టినప్పుడు మొదలైన అలవాటిది. ఎవరూ చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు.

సంతకాలు పెట్టేసిన ఈ నెల కట్ట అన్న దగ్గరే ఉంది.

జూన్ 9

అన్నకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు.

జూన్ 12, మధ్యాహ్నం

ఫిజియోథెరపీ మొదలైంది. క్లినిక్ మూడో అంతస్తులో. అక్కడున్నది మేం చూసే లిఫ్టే. లోపలికి వెళ్లగానే అలవాటు కొద్దీ కార్డు చూశాను. జూన్ 10 అని ఉంది. కింద అన్న సంతకం, పక్కన నాది.

మా ఆవిడ కూడా చూసింది. పదో తారీకున రోజంతా మీ నడుముకి వేడినీళ్ల సంచి పెడుతూ పక్కనే ఉన్నానుగా, నా కళ్లుగప్పి ఇక్కడికెప్పుడొచ్చారు అంది. నవ్వుతూనే అంది. తర్వాత నా మొహం చూసి ఆపేసింది.

ఈ లిఫ్టుకి మూడో అంతస్తు తలుపు కొక్కెం అరిగిందని మే నెలలో చూశాను. వచ్చేసారి మారుద్దాంలే అనుకున్నాను. అన్నకి చెప్పలేదు. ఇంకాస్త అరిగితే లిఫ్టు అక్కడ లేకపోయినా తలుపు జరుగుతుంది. లోపల మూడంతస్తుల లోతు. ఆ అంతస్తుకి వచ్చేవాళ్లంతా కర్రలతో, వాకర్లతో, దొరికినదాన్ని పట్టుకుని నిలబడేవాళ్లే.

జూన్ 13

అన్నకి ఫోన్ చేసి కార్డు గురించి, అరిగిన కొక్కెం గురించి చెప్పాను. విసుక్కున్నాడు. నలభై రెండు లిఫ్టులు ఒక్కణ్ణే ఎలా చేయమంటావు తమ్ముడూ అన్నాడు. ఆఫీసులో చెబితే కార్డులు పెట్టారా లేదా అని మాత్రమే అడుగుతున్నారట. లిఫ్టు నెత్తి మీదికి ఎక్కడం తన మోకాళ్ల వల్ల కాదట. కొక్కెం సంగతి నేను చూస్తాలే, నువ్వు నీ నడుం సంగతి చూసుకో అన్నాడు.

ఆయన రిటైర్మెంట్‌కి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ మాట ఆయన ఎత్తలేదు. నాకే గుర్తొచ్చింది.

జూన్ 16

రాజీనామా చేస్తాను.

నడుం బాగాలేక అని మా ఆవిడతో అన్నాను. నమ్మలేదు. నిజం ఏమిటంటే భయం. రేపేదైనా జరిగితే ఆ కార్డు మీద నా పేరుంటుంది. ఉద్యోగం మానేస్తే చేతులు దులుపుకున్నట్టే కదా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా లెటర్ పంపాను. నాలుగే లైన్లు. అనారోగ్య కారణాల వల్ల అని.

జూన్ 17

సిక్ లీవులో ఉండి రాజీనామా చేస్తే చెల్లదట. ముందు డ్యూటీలో చేరాలి, ఆ తర్వాత నెల రోజులు నోటీసు పీరియడ్ చేయాలి, చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి అని మేడమ్ ఓపిగ్గా చెప్పింది. అంటే పని చేయలేనని చెప్పుకోవడానికి పని చేయగలనని డాక్టర్ చేత రాయించుకు రావాలి. నవ్వబోతే నడుం పట్టేసింది.

జూన్ 20, సాయంత్రం

అన్న వచ్చాడు, ద్రాక్షపళ్లు పట్టుకుని. కొక్కెం గురించి అడిగితే స్టోర్‌లో లేదు, వచ్చే నెల వస్తుందన్నాడు. అప్పటిదాకా లిఫ్టు ఆపేద్దాం అన్నాను. పదో తారీకున అంతా బాగుందని సంతకాలు పెట్టి ఇవాళ ఆపేస్తే, మరి ఆ రోజు ఏం చూశారయ్యా అని అడగరా అన్నాడు.

వెళ్లే ముందు సంచిలోంచి జూలై కార్డుల కట్ట తీసి నా దుప్పటి మీద పెట్టాడు. నా మొహం వైపు చూడలేదు.

పెట్టాను. నలభై రెండు సంతకాలూ పెట్టాను. నన్ను మోసిన మనిషిని కాదనడానికి నోరు రాలేదు.

జూన్ 21

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

జూన్ 23, మధ్యాహ్నం

ఫిజియోథెరపీ అయ్యాక మూడో అంతస్తులో లిఫ్టు కోసం నిలబడ్డాం. మా ముందు వాకర్‌తో ఒక ముసలమ్మ. అలసటగా తలుపు మీద చెయ్యి ఆనించింది. తలుపు జరిగింది. జానెడు, తర్వాత మూరెడు. లోపల చీకటి. వాకర్ ముందు చక్రం అంచు దాటిపోయింది. నేను అరిచాను, అంతే, వంగలేకపోయాను. మా ఆవిడే ఆమె నడుం పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ కింద పడ్డారు. ఏంటమ్మా ఈ తోపులాట, కళ్లు కనపడట్లేదా అని ముసలమ్మ కేకలేసింది. మా ఆవిడ సారీ చెప్పింది.

మా ఆవిణ్ణి ఆ తలుపు ముందు కాపలా పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాను. లిఫ్టు ఆపమని రిసెప్షన్‌లో అతనికి చెప్పాను. రెండు వారాల కిందటే ఇద్దరు మెకానిక్‌లు చూసి వెళ్లారు, కార్డు చూసుకోండి అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే అన్నాను. నా నడుం బెల్టు, చేతికర్ర చూసి నవ్వాడు. నా సంతకాన్ని నమ్ముతున్నాడు, నన్ను నమ్మడం లేదు.

లిఫ్టు కిందే ఖాళీగా ఆగి ఉంది. మెట్ల కింద ఫ్యూజులు ఎక్కడుంటాయో నాకు తెలుసు. పీకి జేబులో వేసుకున్నాను. అతను వెంటపడ్డాడు, దొంగ అని కూడా అన్నాడు. ఆ మాట పడ్డాను.

జూన్ 23, సాయంత్రం

మళ్లీ రాజీనామా రాశాను. ఈసారి రెండు పేజీలు, ఉన్నదున్నట్టు. పదో తారీకున నేను మంచం మీద ఉన్నాను. రెండో తారీకు తర్వాత నా పేరుతో పెట్టిన కార్డులన్నీ అబద్ధం. జూలైవి కూడా. సంతకాలు మాత్రం నావే, ఎవరూ బలవంతపెట్టలేదు. మే నెలలోనే కొక్కెం చూసి ఊరుకున్నది నేనే.

పంపే ముందు అన్నకి ఫోన్ చేసి మొత్తం చదివాను. చివర్లో, ఆ పెద్దావిడకి దెబ్బ తగిలిందా అని అడిగాడు. లేదన్నాను. ఫోన్ పెట్టేశాడు.

ఆఫీసుకి, క్లినిక్‌కి, లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌కి పంపాను.

జూన్ 24

తొమ్మిదింటికల్లా మేడమ్ ఫోన్. ఇవాళ నా రాజీనామా చెల్లుతుందట. సర్టిఫికెట్ అక్కర్లేదు, నోటీసు అక్కర్లేదు. జూన్ ఒకటో తారీకు వేసి, ఆ పాత నాలుగు లైన్లే మళ్లీ పంపితే చాలట. అప్పుడు ఆ కార్డులకీ నాకూ సంబంధం లేదట. మరి అన్న సంగతేంటి అని అడిగాను. మానేసిన మనిషి కార్డులు వాడినందుకు ఆయనే జవాబు చెప్పుకోవాలంది.

తారీకు మార్చనన్నాను. అయితే మీరు కూడా ఇరుక్కుంటారండీ అంది. ఇరుక్కుంటానన్నాను. ధైర్యంగా ఏమీ అనలేదు.

జూన్ 27

లిఫ్టులన్నీ ఆపి చూస్తున్నారు. ఇంకో మూడు చోట్ల కొక్కేలు అరిగాయట. అన్నని సస్పెండ్ చేశారు. ఎంక్వయిరీకి ఇద్దరం వెళ్లాలి. ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు. మీరు చేసింది మంచి పనే అని మా ఆవిడ అంది. అవునన్నాను. అన్నం సహించలేదు.

జూన్ 30

అన్న ఇంటికి వెళ్లాను. వదిన తలుపు సగం తీసి, ఆయన ఇంట్లో లేరంది. వేసేసింది.

ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. నావి కూడా విప్పి వాటి పక్కన పెట్టాను.

ఇది మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఆయన దగ్గుతున్నాడు.