ముడి వేయకూడని బట్ట

అన్నయ్య తోంగ్యుకు,

చెల్లెలు సొన్‌హ్వా నమస్కారాలు. మీ దళం కాపలా కాసే కొండల్లో అప్పుడే మంచు పడుతోందని రాశావు. మన దీవిలో ఇంకా గాలి మాత్రమే. ఇక్కడ అందరం క్షేమమని రాయమని అమ్మ చెప్పింది, రాశాను. ఆ మాట ఎంతవరకు నిజమో చెప్పడానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోనివ్వు.

ముందు నీ ప్రశ్నలు. నాయనమ్మ పళ్ళు కట్టించుకుంది. ఎండి తోలులా గట్టిపడ్డ స్క్విడ్ చేపను కొరికి చూపిస్తూ ఊరంతా తిరిగింది. చలికాలానికి కిమ్చీ పచ్చడి జాడీలు మట్టిలో పాతిపెట్టాం. ఈసారి కారం ఎక్కువైంది. బడిలో డ్రిల్లు క్లాసు వాళ్ళు పెట్టిన, గాయాలకు కట్టు కట్టే పోటీలో మొదటి బహుమతి నాదే. నేను వేసిన ముడిని టీచరు అందరికీ చూపించారు.

అమ్మ ఉత్తరం చివర రెండు పంక్తులైనా ఎందుకు రాయడం లేదని మూడుసార్లు అడిగావు. అమ్మ పట్నం ఆసుపత్రిలో ఉంది అన్నయ్యా. ప్రాణానికి భయం లేదు. భయమంతా కాలికే.

పోయిన నెల అమ్మ గుల్లల కోసం సముద్రంలో మునిగి పైకి తేలుతుంటే పక్క ఊరి పడవ అటే వచ్చింది. మోటారు పంకా రెక్క తొడలోకి దిగింది. నాన్న చేపల వేటకు వెళ్ళాడు. అమ్మతో మునిగే దొక్‌నే పిన్ని వాళ్ళు ఆమెను మన వాకిట్లోకి మోసుకొచ్చారు. దీవిలో ఉన్న ఒక్క నర్సూ ఆ రోజు పట్నం వెళ్ళింది.

"బహుమతి కొట్టావుగా, కట్టవే పిల్లా!" అని పిన్ని నా మీద అరిచింది.

కట్టాను. బడిలో నేర్పినట్టే, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం వచ్చేలా, ముచ్చటగా. బడిలో నేను కట్టిన కాళ్ళకు ఎప్పుడూ నెత్తురు లేదు. ఇక్కడ చుట్లన్నీ చూస్తుండగానే తడిసి, నేలమీద ధార కట్టింది. పడవ చీలితే నాన్న పైన గుడ్డ చుట్టడు, చీలికలో పత్తి కూరతాడు. అది గుర్తొచ్చి కట్టు లాగేశాను. "బట్ట! ఇంకా బట్ట కావాలి!" అన్నాను.

నాయనమ్మ లోపలికి వెళ్ళి తన పెట్టెలోంచి తెల్లటి నూలు బట్ట తెచ్చింది. తాను పోయాక తనకు చుట్టాలని దాచుకున్న బట్ట.

అమ్మ కళ్ళు తెరిచి, "అత్తమ్మా, అది మీది..." అంది.

"నోరు మూసుకుని పడుకో. నాకేం తొందర లేదు."

గాయంలోకి వేళ్ళు పెట్టి, నెత్తురు ఉబికే చోటికి బట్టను కొంచెం కొంచెంగా కూరాను. ఇక పట్టనంత నిండాక రెండు అరచేతులూ ఆనించి ఒంటి బరువంతా వేశాను. 'నొక్కడం' ఎంత చిన్న మాటో కదా. నా చేతులు మొద్దుబారిపోయాయి. ధార ఆగింది.

పట్నం తీసుకెళ్ళే పడవ సిద్ధమైంది. అమ్మను కదిలించాలంటే ఆ కూరిన బట్ట జారకుండా, మిగిలిన బట్టను తొడకు చుట్టి గట్టిగా కట్టాలి. నేను రెండు కొసలూ అందుకోగానే నాయనమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముడి వేయకే! ఆ బట్టకు ముడి పడితే పోయేవాళ్ళకు దారి దొరకదు."

"పోకూడదనే కదా నాయనమ్మా కడుతున్నది!"

ఆమె కొసలు నా చేతిలోంచి లాక్కుని తానే ముడి వేసింది. దాని మీద ఇంకొకటి. "ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు నువ్వు" అని కోడలిని తిట్టింది.

ఇప్పుడు నీకు చెప్పవద్దన్న సంగతి. పాదానికి నెత్తురు సరిగా అందడం లేదట. మంచి కాలిలోంచి రక్తనాళం తీసి ఈ కాలికి అతకాలని డాక్టరు అంటున్నారు. నెలాఖరు దాటితే పాదం దక్కదట. అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఒకటి చెడింది చాలక రెండోదీ కోస్తారా? దేనితో ఈదాలి?" అంటోంది. నాన్న పక్కనే కూర్చుని బతిమాలుతున్నాడు, వినదు. "తోంగ్యుకు రాశావో, నా బిడ్డవే కాదు. తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడికి ఇంటి దిగులు పెడతావా?" అంది నాతో. కానీ నువ్వు చెబితే వింటుంది. అది నీకూ తెలుసు.

సెలవు దొరికితే రా. దొరక్కపోతే ఇవాళే అమ్మకు ఉత్తరం రాయి. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకు.

కాదు, సొన్‌హ్వాయే చెప్పిందని రాయి. కోపం రానీ. నన్ను కొట్టడానికైనా ఆపరేషను చేయించుకుని, ఆ కాళ్ళ మీద నడిచి ఇంటికి రావాలి.

ఇట్లు,
అమ్మ మాట దాటిన నీ చెల్లెలు
సొన్‌హ్వా