అక్క సుత్తి

ప్రియమైన మొండిఘటానికి,

ఫోన్ అయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను.

నిన్న మా డెంటింగ్ షెడ్డుకి ఒక కారు వచ్చింది. ముందు భాగం నుజ్జునుజ్జు. స్టీరింగ్ సీట్లోకి దిగబడిపోయింది. డ్యాష్‌బోర్డులో గుచ్చుకున్న రెండు పళ్లు నేనే పట్టకారుతో పీకాను. నడిపినవాడికి ఇరవై రెండేళ్లు, నీ వయసే. పట్టపగలు, ఖాళీ రోడ్డు. రోడ్డు మీద బ్రేకు గీత ఒక్కటీ లేదని క్రేన్ అతను చెప్పాడు. మెలకువగా ఉన్నవాడు చచ్చే ముందైనా బ్రేకు తొక్కుతాడురా. నిద్రపోయినవాడు తొక్కడు.

రాత్రంతా గోడౌన్‌లో మూటలు మోసి, మధ్యాహ్నం బడిపిల్లల వ్యాన్ నడుపుతున్నావు. వెనక పదకొండు మంది పిల్లలు. రెండింటిలో ఒకటి మానెయ్. ఏది మానినా నాకు సంతోషమే.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

సుత్తి కొట్టకు. రోజంతా షెడ్డులో కొట్టేది చాలదా?

కునుకు వస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అద్దం దించుతాను, మొహాన నీళ్లు కొట్టుకుంటాను, పాటలు గట్టిగా పెడతాను, తొడ గిల్లుకుంటాను. నా తొడ చూస్తే ఎవరో చావబాదారనుకుంటావు.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. స్టీరింగ్ పట్టుకుని నిద్రపోయింది బావ. ఆయన పోయాడు, నువ్వు బతికావు. రెండేళ్లయింది. ఆ కోపం నా మీద చూపించకు. బావలా నేను నిద్రమొహాన్ని కాదు.

నీ తమ్ముడు

*

అక్కా,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మంగళవారం బడి గేటు ముందు పిల్లలు వ్యాన్ ఎక్కుతుంటే, షెడ్డు నుంచి పెద్ద సుత్తి మోసుకొచ్చి ఒక్క దెబ్బకి రేడియేటర్ పగలగొట్టావు. ఉడుకునీళ్లు చేతుల మీద చిమ్మినా మళ్లీ సుత్తి ఎత్తావు. నేను దిగి లాక్కుంటే నా భుజం నెత్తురొచ్చేలా కొరికావు. నీ మణికట్టు మెలితిప్పాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. వినిపించినా వదల్లేదు. నీ తల తలుపుకేసి కొట్టాను. వాచ్‌మన్ వచ్చి విడదీసేదాకా చిన్నపిల్లల ముందు కుక్కల్లా కొట్టుకున్నాం.

యజమాని తాళాలు లాక్కున్నాడు. నా నోటి దగ్గర కూడు పడగొట్టావు. నీకూ నాకూ చెల్లు.

ఇట్లు,
నీకేమీ కానివాడు

*

ప్రియమైన తమ్ముడికి,

కుడిచేతికి కట్టు ఉంది. ఎడమచేత్తో రాస్తున్నాను, కోడిగీతలైనా ఓపిగ్గా చదువు.

కొట్లాట మొదలుపెట్టింది నేనే. నీ మొహం చూస్తే చెయ్యి లేవదని, తల ఎత్తకుండా కొట్టాను.

బావని నిద్రమొహం అన్నావు. అది నీ తప్పు కాదు. అమ్మకీ నీకూ నేను చెప్పిన అబద్ధం అది. ఆ రోజు నడిపింది నేను.

షెడ్డులో రెండు రోజులు వరసగా పనిచేసి, మధ్యాహ్నం అన్నం తిని స్టీరింగ్ పట్టుకున్నాను. "నేను నడపనా?" అని బావ రెండుసార్లు అడిగాడు. "కళ్లు తెరుచుకునే ఉన్నాను కదా" అన్నాను. మళ్లీ తెరిచేసరికి అద్దం నిండా ఆగి ఉన్న లారీ. దాంట్లోంచి పొడుచుకొచ్చిన ఇనపకడ్డీ ఆయన గొంతులో దిగింది. నా వైపు చెయ్యి చాచాడు, మాట రాలేదు. నెత్తురు వేడిగా నా ఒళ్లో పడింది. మా వెనక రోడ్డు మీద కూడా బ్రేకు గీత లేదు.

మమ్మల్ని బయటికి లాగినవాళ్లు హడావిడిలో ఎవరు ఎటు కూర్చున్నారో చూడలేదు. ఆసుపత్రిలో ఎవరో "ఆయనేనా నడిపింది?" అంటే తల ఊపాను. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా.

నన్ను అసహ్యించుకో, పడతాను. నువ్వు మాత్రం నిద్రపోకుండా బండి ఎక్కకు.

నీ అక్క

*

ప్రియమైన సుత్తి అక్కకి,

నీ ఉత్తరం చింపేశాను. మళ్లీ ముక్కలు ఏరి చదివాను. రెండేళ్లుగా బావని నేనన్న మాటలకి చెంపలు వాయించుకున్నాను, నిజంగానే. నీ మీద కోపం పోలేదు, ఎప్పటికి పోతుందో తెలీదు. అమ్మకి నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను. ఆవిడ చెయ్యి చేసుకుంటే మాత్రం అడ్డం రాను.

నిన్న పిల్లలకి క్షమాపణ చెప్పడానికి బడికి వెళ్లాను. ముందు సీట్లో కూర్చునే రెండో తరగతి బుజ్జిది నన్ను చూసి దాక్కుంది. బతిమాలితే వచ్చింది. "అక్క ఒక్క దెబ్బ కొట్టిందని నేనలా కొట్టకూడదమ్మా" అన్నాను.

"ఒకటి కాదు, మూడు" అని వేళ్లు చూపించింది. "మొదటిదానికి వ్యాన్ ఊగింది. రెండోదానికి నేను ఏడ్చాను. నీ చొక్కా పట్టుకుని లేపాను. నువ్వు లేవలేదు."

అప్పటికి ఇంజన్ ఆన్‌లోనే ఉందక్కా. ఇంకొక్క పిల్ల ఎక్కితే బయల్దేరడమే. కళ్లు ఒక్క క్షణం మూశాననుకున్నాను.

నేను విన్నది మూడో దెబ్బ.

నీ నిద్రమొహం తమ్ముడు