భీమిలిలో ఉడికిన పప్పు

సరోజా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రిటైరయ్యాక సముద్రం ఒడ్డున ఉందామన్నావు కదా, ఇల్లు వెతకడానికి మొన్నీమధ్య మీ తమ్ముడు శంకర్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాను. సిరొంచలో గోదావరి దాటేటప్పుడు, పడవలోనే నా సంచి చూసి వాడు ఒకటే నవ్వు. అందులో స్టవ్వు, గిన్నె, కిలో కందిపప్పు ఉన్నాయి మరి.

జిమల్‌గట్టకు బదిలీ అయినా, బామ్నికి అయినా, ఆ ఊరి నీళ్లలో పప్పు ఉడికితేనే కదా నువ్వు సామాను దింపనిచ్చేదానివి!

ఒడ్డున మొదట చూసిన రెండు ఊళ్లలో గంటసేపు ఉడికించినా పప్పు పలుకుగానే ఉంది. శంకర్‌కి విసుగొచ్చింది.

"ఇల్లు మంచిగనే ఉన్నది గద బావా, జర పప్పు సంగతి ఇడిసిపెట్టరాదు!"

"ఇల్లు నేను జూస్త. నీళ్లు మీ అక్క జూస్తది" అన్నాను.

నిన్న భీమిలిలో పప్పు వెన్నలా మెదిగింది. వరండాలో కూర్చుంటే ఎదురుగా సముద్రం. సంబరంగా అన్నంలో కలుపుకున్నాం. మొదటి ముద్దకే శంకర్ నా మొహం చూశాడు. పప్పులో ఉప్పు లేదు. పొయ్యి మీదికి ఎక్కించడం వరకే నా వంతు. ఉప్పు ఎప్పుడూ నువ్వే వేసేదానివి.

ఈ ఇల్లే ఖాయం చేశాను. ఉప్పు ఎంత వేయాలో మాత్రం నువ్వు చెప్పనేలేదు.