ఆరని పచ్చలైటు

అక్కా,

నిన్న మా డెయిరీలో పాలు చల్లబరిచే మోటారు ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద మోటారు పచ్చలైటు వెలుగుతూనే ఉంది కదా అని అందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. పాలన్నీ విరిగిపోయాయి.

"పచ్చగానే ఉంది కదండీ!" అన్నాడు ఆపరేటరు. నాకు కోపం కూడా రాలేదు. ఆ లైటును నడిపే ప్రోగ్రాం తెరిచాను. అందులో రాతకు బదులు అంతా బొమ్మల డబ్బాలూ, వాటిని కలిపే గీతలే. మోటారు తిరుగుతుంటే పచ్చలైటు వెలిగించమని ఒక డబ్బాలో ఉంది. ఆగితే ఏం చెయ్యాలో చెప్పాల్సిన డబ్బా ఖాళీగా ఉంది. అందుకే లైటు పాత రంగులోనే ఉండిపోయింది. ఆ డబ్బాలో ఎర్రలైటు పెట్టి గీత కలిపాను.

మా ఆయన ఇల్లు వదిలి వెళ్ళి చాన్నాళ్ళయింది. అయినా నీకు ప్రతి ఉత్తరం "ఇక్కడ ఇద్దరం క్షేమం" అనే మొదలుపెట్టాను.

ఈ ఉత్తరం అలా మొదలుకాలేదు, చూశావా?

నీ చెల్లి