ఆడబిడ్డ చేతికి కాళ్లిస్తారా?

17 ఆగస్టు 2025, ఆదివారం

ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు!

మీటింగ్‌లో పెద్దమనిషిలా తలూపి, లిఫ్ట్‌లోకి వచ్చాక ఒక్కదాన్నే గెంతాను. కెమెరాలో సెక్యూరిటీ వాళ్లు చూసే ఉంటారు. చూడనీ.

ఇన్నాళ్లూ ఒమన్‌లో మా గ్రూపు క్లినిక్‌లన్నిటిదీ ఒకటే పద్ధతి. మనిషి జబ్బుతో వస్తే డబ్బు. సూది వేస్తే డబ్బు, సెలైన్ పెడితే ఇంకా డబ్బు. ఎవడూ జబ్బు పడకపోతే క్లినిక్ పస్తు. ఇదేం న్యాయమని నేను రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఇకమీదట ఖురియాత్ క్లినిక్‌లో అలా కాదు. క్యాంపుల్లో ఉన్న పనివాళ్లకి తలకింత అని ఇన్సూరెన్స్ కంపెనీ నెలనెలా ఇచ్చేస్తుంది. వాళ్లు ఆరోగ్యంగా ఉంటే మాకు లాభం, మంచాన పడితే మాకే చేటు. వాల్యూ బేస్డ్ కేర్. ఈ ముక్క నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానంటే, మా ఆయన నిద్రలో కూడా అప్పజెబుతాడు.

షరతు ఉంది. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ అక్టోబర్ ఆఖరుకల్లా రక్తం, కళ్లు, కాళ్లు పరీక్ష చేసి చూపించాలి. షుగర్ వల్ల ఎవరికైనా ఒక్క కాలి వేలు తీసేయాల్సి వచ్చినా ప్రాజెక్టు రద్దు. రద్దయితే ఖురియాత్ క్లినిక్‌కి తాళం వేసేస్తానని మా ముదీర్, అదే మేనేజరు, నాగేంద్రప్రసాద్ గారు నవ్వుతూనే చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పినవన్నీ చేస్తారు.

వెయ్యరు. నేనుండగా వెయ్యరు.

24 ఆగస్టు, ఆదివారం

శ్రీవాణి జాయిన్ అయింది. ఈ పిల్ల కోసం నేను చేసిన యుద్ధం నాకే తెలుసు.

ఖురియాత్‌లో ఇదివరకున్న మలయాళీ సిస్టర్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఆమె చోట అల్ సువైక్ క్లినిక్ నుంచి ఇంకో మలయాళీ సిస్టర్‌ని మారుద్దామన్నారు సారు. నేను అడ్డం పడ్డాను. ఖురియాత్‌లో మాకు షుగర్ పేషెంట్లంటే దాదాపు అందరూ జగిత్యాల, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు. వాళ్ల యాస మాట్లాడే నర్సు ఉంటే మనసు విప్పుతారు, మనసు విప్పితే జబ్బు చెబుతారు అని వాదించాను. శ్రీవాణిది కోరుట్ల. షుగర్ వాళ్ల కాళ్లు పరీక్ష చెయ్యడంలో ప్రత్యేకంగా ట్రైనింగ్ అయింది. ఇంతకంటే ఏం కావాలి? నా బుర్రని నేనే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

3 సెప్టెంబర్, బుధవారం

ఖురియాత్ వెళ్లొచ్చాను. నవ్వీ నవ్వీ దవడలు పడిపోయాయి.

అది క్లినిక్ కాదు, పెళ్లివారి విడిది. డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తున్నారు. అందరికంటే పెద్దవాడు ఇస్తారి. సెంట్రింగ్ మేస్త్రీ, క్యాంపులో ఆయన మాటే మాట. రోజూ షుగర్ గోళీ వేసుకుంటున్నానని పాత సిస్టర్‌కి నమ్మకంగా చెప్పిన మనిషి, శ్రీవాణి దగ్గర కూర్చున్న పది నిమిషాల్లో నిజం కక్కేశాడు. కండ్లు తిరిగిననాడే ఏస్కుంట బిడ్డా, ఉట్టిగ ఏస్కుంటే దండుగ గాదా అన్నాడు.

తర్వాత సూది కావాలన్నాడు. సూది ఎయ్యకపోతే దవాఖానకు అచ్చినట్టెట్ల అని దెబ్బలాట. ఇప్పుడు సూదేస్తే మాకే నష్టం పెద్దబాపూ, నువ్వు మంచిగుంటెనే మాకు పైసలు అంది శ్రీవాణి. గిదేం దవాఖానే, రోగం లేకుంటె పైసలిచ్చుడేంది అని ఆయన ఆశ్చర్యపోతే వరసలో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. పీపీటీలో నలభై స్లైడ్లు పెట్టి నేను చెప్పింది ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది.

గెలిచాం. ఇది గెలుపే.

14 సెప్టెంబర్, ఆదివారం

రక్తం బ్రహ్మాండం. కళ్లు బ్రహ్మాండం. కాళ్లు సున్నా.

15 సెప్టెంబర్, సోమవారం

సున్నా అంటే సున్నా. ఒక్క మగాడూ బూటు విప్పలేదు!

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, శ్రీవాణి అడిగితే డాక్టర్ సారు సూసిండు అంటున్నారట. డాక్టర్ జయదేవ్ గారు ఖురియాత్‌లో ఉండేదే వారానికి రెండు రోజులు. ఆయన అడిగితే శ్రీవాణమ్మ సూసింది సారూ అంటున్నారట. ఇద్దరూ నమ్మేసి కూర్చున్నారు. ఈరోజు జయదేవ్ గారు పట్టుబట్టి బూటు విప్పమంటే ఇస్తారి లేచి, సైట్ల కాంక్రీటు పోస్తున్నరు, నేను లేకపోతే ఆగమైతరు అంటూ మాయమయ్యాడట.

కాళ్లతో వీళ్లకేం తగాదా? అర్థం కావడం లేదు.

16 సెప్టెంబర్, మంగళవారం

అర్థమైంది. తల గోడకేసి కొట్టుకోవాలి.

భూమేశ్ అని క్యాంపులో కుర్ర మేస్త్రీ. శ్రీవాణి గట్టిగా నిలదీస్తే వాడు నేలచూపులు చూస్తూ చెప్పాడట. అక్కా, నువ్వు మా దిక్కు ఆడబిడ్డవు, ఆడబిడ్డతోని కాళ్లు పట్టించుకుంటె పాపం తలుగుతది, మాతోని గాదు అని. మరి డాక్టరుకి చూపించొచ్చు కదా అంటే, సారు సూసినా కడిగి కట్టు కట్టేది నువ్వే గదా అన్నాడట. పాత సిస్టర్ అడిగితే ఠక్కున విప్పేవాళ్లట. ఆమె నర్సు. శ్రీవాణి నర్సు కాదు, ఇంటి ఆడపిల్ల.

అంటే మనసు విప్పించడానికి నేను ఎవర్ని తెచ్చానో, ఆ మనిషి వల్లే బూట్లు విప్పడం లేదు. ఓరి దేవుడా! ఎంత గొప్ప ఐడియా, ఉదయశ్రీ! ఎంత గొప్ప బుర్ర!

కోపంలో కూడా నవ్వొస్తోంది. శ్రీవాణి మాత్రం ఫోన్లో ఏడ్చింది.

18 సెప్టెంబర్, గురువారం

సారు పిలిచారు. మందు సింపుల్ అన్నారు. శ్రీవాణిని అల్ సువైక్ పంపు, అక్కడి సిస్టర్‌ని ఇక్కడికి తీసుకురా అన్నారు.

చెయ్యను అన్నాను. శ్రీవాణి వెళ్లిన మర్నాడే గోళీలు మళ్లీ కళ్లు తిరిగిననాడే. కాళ్లు చూపిస్తారు, అబద్ధాలు చెబుతారు. అరిచానేమో కూడా. ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, అక్టోబర్ మొదటి వారం దాకా చూస్తానన్నారు. ఈలోగా ఎవడి కాలికైనా ఏమన్నా అయితే బాధ్యత నాదే అన్నారు.

నాదే.

28 సెప్టెంబర్, ఆదివారం

ఇస్తారి కుంటుతున్నాడట. అడిగితే బూటు బిగుతన్నాడట.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మనిషికి కాళ్లలో స్పర్శ పోతుంది. లోపల మేకు దిగినా తెలియదు. తెలియని మనిషి కుంటుతున్నాడంటే లోపల ఏముందో!

2 అక్టోబర్, గురువారం, రాత్రి

వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

దసరాకి క్యాంపుకి రమ్మని శ్రీవాణి పిలిచింది. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం ఆఫీసు ఎగ్గొట్టి వెళ్లాను. క్యాంపు వెనక వాదీ, అంటే ఎండిపోయిన వాగు, దాని ఒడ్డున ఒక గాఫ్ చెట్టు ఉంది. ఇక్కడివాళ్లకు గాఫ్, మనకు జమ్మి. రెండూ ఒకటేనట, నాకు ఇవాళే తెలిసింది! డ్యూటీ దిగి స్నానాలు చేసి, కొత్త చొక్కాలు తొడుక్కుని అందరూ ఆ చెట్టు దగ్గర చేరారు. చూద్దును కదా, చెప్పులూ బూట్లూ అన్నీ దూరంగా కుప్ప! జమ్మి దగ్గరికి చెప్పులతో వెళ్లరు. క్యాంపంతా ఉత్తకాళ్లతో నా కళ్ల ముందు నిలబడింది.

ఇస్తారి ఒక్కడే సాక్సులతో ఉన్నాడు. జమ్మి కాడ సాక్సులేంది పెద్దమేస్త్రీ, చలి పెడుతుందా అని ఎవరో ఎగతాళి చేశారు. తప్పక విప్పాడు.

పూజ అయింది. జమ్మి ఆకుని బంగారం అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటున్నారు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతున్నారు. శ్రీవాణి చీర కొంగు నడుముకి చుట్టి, బంగారం తీసుకెళ్లి ఇస్తారి చేతిలో పెట్టి వంగింది. దసరా నాడు జమ్మి పెట్టి మొక్కే పిల్లని ఏ పెద్దమనిషి వద్దంటాడు? చల్లగుండు బిడ్డా అని తల మీద చెయ్యి పెట్టాడు. ఆ పిల్ల లేవలేదు. నూరేండ్లు బతుకు బిడ్డా అన్నాడు. లేవలేదు. ఇక లెవ్వు బిడ్డా అన్నాడు. అప్పటికే దాని వేళ్లు ఆయన బొటనవేలి కిందికి వెళ్లిపోయాయి.

అక్కడ పుండు. నల్లగా. తర్వాత బూటు తిప్పి చూస్తే అడుగులోంచి మేకు పొడుచుకొచ్చి ఉంది, ఎన్నాళ్లయిందో ఆయనకి తెలియనే తెలియదు.

శ్రీవాణి ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. దవాఖానకు వస్తనంటెనే ఇడుస్త అంది. ఇస్తారి కాలు వెనక్కి లాక్కోబోయాడు. పాపం తలిగిస్తున్నవు బిడ్డా, ఇడువు అని బతిమాలాడు. తలిగిన పాపం ఎట్లాగూ తలిగింది పెద్దబాపూ, ఇప్పుడు కట్టు కడితే కొత్తగ తలిగేదేంది అంది ఆ పిల్ల. ఏడుస్తూనే అంది, కానీ ఎంత సూటిగా అంది! భూమేశ్ ముందుకొచ్చి, పోదాం పా పెద్దమేస్త్రీ, నేను తోడొస్త అన్నాడు.

వచ్చాడు! నా కారులోనే క్లినిక్‌కి తీసుకెళ్లాం. శ్రీవాణి కడిగింది, కట్టు కట్టింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు. నేను బయటికొచ్చి కారు డోరు పట్టుకుని ఏడ్చాను.

3 అక్టోబర్, శుక్రవారం, మధ్యాహ్నం

మస్కట్‌లో పెద్దాసుపత్రి. జయదేవ్ గారు సెలవు రోజయినా వచ్చారు. చీము ఎముక దాకా వెళ్లి ఉంటే వేలు తియ్యక తప్పదన్నారు.

వేలు పోతే ప్రాజెక్టు పోయినట్టే. క్లినిక్ పోయినట్టే. పొద్దున్నుంచీ నేను దేనికి భయపడుతున్నాను, ఆయన వేలికా నా ప్రాజెక్టుకా? రెండిటికీ. విడదీయడం నా వల్ల కావడం లేదు.

ఆయన భయం వేరే. కంపెనోడు వీసా క్యాన్సిల్ చేసి పంపుతడా మేడమ్ అని అడిగాడు. మీ కాలు పోతే ముందు మా క్లినిక్‌కే తాళం పడుతుంది, మీరు బాగుండి ఇక్కడే పని చెయ్యాలని మీ ఇంట్లోవాళ్ల తర్వాత కోరుకునేది మేమే అన్నాను. ఉన్నమాటే చెప్పాను. ఆయన, అయితె నా కాలుతోనే మీ కడుపు నిండుతదన్నమాట అని నవ్వాడు. నవ్వాడు! ఈ పద్ధతిని ఇంత నిజంగా ఎవరూ నాకు తిరిగి చెప్పలేదు.

8 అక్టోబర్, బుధవారం

వేలు ఉంది!!! ఎముకకి తగల్లేదు. ఇంకో వారం ఆగి ఉంటే తగిలేదట.

సారుకి ఫోన్ చేసి చెబితే, శ్రీవాణిని అల్ సువైక్ పంపే మాట ఇక ఎత్తనులే అన్నారు. ఆ తర్వాత ఆయనే నసిగారు. దసరా ఏడాదికొక్కసారే కదమ్మా, మిగతావాళ్ల కాళ్ల సంగతేంటి?

నిజమే. ఆరోజు శ్రీవాణి నలుగురైదుగురు పెద్దవాళ్ల కాళ్లే చూడగలిగింది. దానికంటే చిన్నవాళ్లకి అది మొక్కలేదు కదా. ఎంత సంతోషంలోనూ మనిషిని సుఖంగా కూర్చోనివ్వరు ఈ సారు.

19 అక్టోబర్, ఆదివారం

ఇస్తారి ఈరోజు మొదటిసారి తన కాళ్లతో తను నడిచి క్లినిక్‌కి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. వెనక క్యాంపులో సగం మంది.

కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. ఆడబిడ్డతోని కాళ్లు పట్టించుకున్న, ఆ బాకీ నా నెత్తి మీదుంది అన్నాడు. ఏం చేస్తున్నాడో మాకు తెలిసేలోపే వంగి, రెండు చేతులతో శ్రీవాణి కాళ్లకు మొక్కేశాడు. అది కెవ్వుమంది. పెద్దోడివి నువ్వు మొక్కితే నా ఆయుష్షు తరుగుతది పెద్దబాపూ అని గోల. ఆడబిడ్డ అంటె లచ్చిమి, లచ్చిమికి మొక్కితె ఎవలకూ ఏం గాదు అన్నాడు ఆయన తాపీగా. అప్పుడు కుర్చీలో కూర్చుని, ఇగ సూడు బిడ్డా, ఇప్పుడు లెక్క సరి అని కట్టున్న కాలు చాపాడు.

భూమేశ్ ఆయన వంక చూశాడు, శ్రీవాణి వంక చూశాడు. వాడూ వంగి మొక్కాడు. బూటు విప్పాడు. ఆ వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకడు. గదంతా సాక్సుల కంపు. అంత మంచి వాసన నేను జన్మలో పీల్చలేదు.

30 అక్టోబర్, గురువారం

అన్ని కాళ్లూ చూశాం. ఖురియాత్‌కి తాళం పడదు. వచ్చే నెల నుంచి అల్ సువైక్ కూడా మన పద్ధతిలోకే! అక్కడికి ఆర్మూరు నుంచి కవిత అనే నర్సు వస్తోంది. అక్కడి పనివాళ్ల దిక్కు ఆడబిడ్డే. నేనే ఎంచుకున్నాను, ఈసారి అన్నీ తెలిసి.

4 నవంబర్, మంగళవారం

కవిత కోసం కాళ్ల పరీక్ష ప్రోటోకాల్ రాశాను. మొదటి స్టెప్: పేషెంట్ నర్సు కాళ్లకు మొక్కవలెను. రెండో స్టెప్: నర్సు పేషెంట్ కాళ్లు చూడవలెను. నాగేంద్రప్రసాద్ గారు రెండుసార్లు చదివి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు.